అయిదున్నర లక్షల్లో హుషారుగా లాగే సెకండ్‌హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్: వైజాగ్‌లో ఏది కొనొచ్చు?

మధురవాడ_మాన్యువల్:

అందరికీ నమస్తే. బండి ధర, పేరు మార్పిడి, కొన్న వెంటనే చేయించాల్సిన పనులు అన్నీ కలిపి 5.5 లక్షలు దాటకూడదు. రోజూ మధురవాడ నుంచి గాజువాక. అంటే హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, మొత్తం ట్రాఫిక్కే. నెలకోసారి ఎస్.కోట మీదుగా అరకు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు కూర్చోవాలి. మైలేజ్ పదికి తగ్గకుంటే చాలు, పికప్ మాత్రం ఉండాలి. మలుపులో బండి ఊగకూడదు.

చూస్తున్నవి ఇవి: 2014 పోలో జీటీ టీఎస్‌ఐ, 2016 అబార్త్ పుంటో, 2018 బలెనో ఆర్‌ఎస్, 2018 ఫిగో 1.5 డీజిల్. నాలుగూ అటూ ఇటుగా అదే ధరలో చెబుతున్నారు. ఆటోమేటిక్ అయినా అభ్యంతరం లేదు, మాన్యువల్ అయితే ఇష్టం. ఏది తీసుకోమంటారు? ఏది చూడగానే వెనక్కి రావాలి?

పాత_స్పానర్:

ముందు లెక్క సరిచేసుకోండి. 5.5 లక్షలు ఉంటే బండికి 4.7 దగ్గర ఆగిపోండి. ఏడెనిమిదేళ్ల టర్బో బండి మొదటి నెలలోనే టైర్లు, బ్యాటరీ, ఫుల్ సర్వీసు, బ్రేక్ ఆయిల్, కూలెంట్ అడుగుతుంది. ఇంజిన్ మౌంటింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా తోడైతే మిగిలిన ఎనభై వేలు హాయిగా అయిపోతాయి. అది పక్కన పెట్టుకోని వాళ్లే గుండు టైర్లతో ఘాట్ ఎక్కుతుంటారు.

ఇక జీటీ టీఎస్‌ఐ. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 105 పీఎస్, 1,500 ఆర్‌పీఎం నుంచే 175 ఎన్‌ఎం టార్క్. ఇంజిన్‌కి వంక పెట్టలేం. చిక్కంతా దాని పక్కనున్న ఏడు గేర్ల డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సుది. అందులో రెండు క్లచ్‌లుంటాయి, రెండూ డ్రై రకం, ఆయిల్‌లో మునిగి ఉండవు. ఎన్‌ఏడీ దగ్గర బండి అడుగడుగు జరుగుతున్నప్పుడు క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు. జారుతూ ఉంటుంది, వేడెక్కుతుంది, ప్లేటు అరుగుతుంది. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వచ్చే వణుకు దీనిదే. రెండో జబ్బు మెకట్రానిక్ యూనిట్. గేర్లు మార్చే హైడ్రాలిక్సూ, వాటిని నడిపే కంప్యూటరూ ఒకే డబ్బాలో ఉంటాయి. అందులో ప్రెషర్ పడిపోతే మీటర్లో గేరు అక్షరం మినుకుమినుకుమంటుంది, బండి ఉన్నచోటే నిలబడిపోతుంది. ఆ డబ్బా మార్చాలంటే లక్ష దాటే మాట. మీ బడ్జెట్‌లో ఆ ఒక్క దెబ్బకు అంతా అయిపోయినట్టే. హైవే మీదే తిరిగే మనిషికి ఈ బండి చెప్పొచ్చు. మధురవాడ నుంచి గాజువాక తిరిగేవాళ్లకు చెప్పను.

టర్బో పెట్రోల్ పోలోలో మాన్యువల్ కావాలంటే 2020లో వచ్చిన 1.0 టీఎస్‌ఐ ఉంది. 110 పీఎస్, ఆరు గేర్లు. భలే ఉంటుంది. కానీ 4.7లో మంచిది రాదు. వస్తే ఎందుకొస్తోందో ఆరా తీయండి.

ఫిగో 1.5 డీజిల్ 100 పీఎస్, 215 ఎన్‌ఎం. 1,750 ఆర్‌పీఎం దాకా నిద్రపోతుంది, తర్వాత వీపు సీటుకి అతుక్కుంటుంది. అరకు ఘాట్లో రెండో గేరు మలుపు దాటి మూడో గేరుకు వచ్చేసరికి పక్కనున్న పెద్ద బళ్లు అద్దంలో ఉంటాయి. 2017లో వచ్చిన ఫిగో ఎస్ దొరికితే ఇంకా మేలు: గట్టి సస్పెన్షన్, 195/55 ఆర్15 టైర్లు. ఇదే ఇంజిన్ ఎకోస్పోర్ట్‌లోనూ ఉంది కాబట్టి ఇంజిన్ సామాను విషయంలో భయం లేదు. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పింది గనక బంపరు, హెడ్‌లైటు, డోరు లాంటి బాడీ సామానుకు మాత్రం ఎదురుచూపులు తప్పవు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు బేరంలో తీసేయండి.

ఒక్క హెచ్చరిక. ఫిగోలో 1.5 పెట్రోల్ ఆటోమేటిక్, 112 పీఎస్ అని ఒకటి తక్కువకి కనిపిస్తుంది. అదీ డ్యూయల్ క్లచ్ బాపతే. 2018 తర్వాత వచ్చిన 1.2 మూడు సిలిండర్ల పెట్రోల్లో టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడు కాకుండా ఏదో ఒక ఆయిల్ పోస్తే బెల్ట్ పొట్టు రాలి ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కుంటుంది, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. బయట షెడ్లలో సర్వీసైన బండి అయితే జాగ్రత్త.

బలెనో ఆర్‌ఎస్ గురించి: 2017 మార్చిలో వచ్చింది, 2020 మొదట్లో ఆగిపోయింది. 1.0 బూస్టర్‌జెట్, 102 పీఎస్, 150 ఎన్‌ఎం, అయిదు గేర్ల మాన్యువల్. కాగితం మీద అంకెలు చిన్నవే, బండి బరువు 950 కిలోలేనన్నది మరిచిపోవద్దు. నాలుగు చక్రాలకూ డిస్కులు. బంపర్లు తప్ప బాడీ అంతా మామూలు బలెనోదే, ఏ వీధిలోనైనా సామాను దొరుకుతుంది. ఇంజిన్ సామాను మాత్రం ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి. స్టీరింగ్‌లో జీవం తక్కువ, పోలో నడిపిన చేతికి తేడా వెంటనే తెలుస్తుంది. అయినా మీ పనికి నా ఓటు దీనికే. రెండోది ఫిగో డీజిల్.

టీజెట్_మోజు:

స్పానర్ గారు అబార్త్‌ని పేరెత్తకుండా దాటేశారు. అన్యాయం అండీ. ఈ ధరలో అసలైన హాట్ హ్యాచ్ అదొక్కటే. 1.4 టీజెట్, 145 పీఎస్, 212 ఎన్‌ఎం, వందకు 8.8 సెకన్లని కంపెనీ మాట. హైడ్రాలిక్ స్టీరింగ్, నాలుగు డిస్కులు. రోడ్డు ఎలా ఉందో అరచేతికి చెబుతుంది. మిగతా మూడూ వేగంగా వెళ్లే మామూలు బళ్లు.

అభిమానం సంగతి అలా ఉంచి, చూడాల్సినవి చెబుతాను. మొదటిది టైమింగ్ బెల్ట్. కిలోమీటర్లు తక్కువ తిరిగిందని వదిలేస్తారు, రబ్బరుకు వయసూ లెక్కే. 2016 బండికి ఇప్పటికి ఒకసారైనా మారి ఉండాలి. బెల్ట్ ఒక్కటే కాదు, టెన్షనర్, వాటర్ పంపు కూడా అప్పుడే మార్చాలి. లేబర్ ఒకటే. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని హెడ్ విప్పాల్సి వస్తుంది.

రెండు: ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) గొట్టాలు. వేడికి రబ్బరు పెళుసెక్కి క్లిప్పుల దగ్గర పగులుతుంది. మూడో గేరులో పూర్తిగా తొక్కినప్పుడు ఉస్సుమని శబ్దమొచ్చి పికప్ రాకపోతే అనుమానం అక్కడే. గొట్టం లోపల నూనె తడి కొంచెం ఉండటం మామూలే. వేలు పెడితే కారేంత ఉంటే టర్బో సీలు పోతోందని అర్థం.

మూడు: స్టీరింగ్ ర్యాక్ బూటు నొక్కి చూడండి, లోపల నూనె తగిలితే ర్యాక్ లీకు. నాలుగు: బంపరు కింద అంచు, ఆయిల్ సంపు అడుగు. బండి కిందకి ఉంటుంది, మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు ఎవరి కొలతలు వాళ్లవి. సంపుకి సొట్టలుంటే అర్థమైపోతుంది.

ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసింది 2019లో. మామూలు పుంటోకి సరిపోయే సస్పెన్షన్, బ్రేకు, ఎలక్ట్రికల్ సామాను ఇంకా తెప్పించుకోవచ్చు. అబార్త్‌కే ప్రత్యేకమైన అలాయ్, బంపరు, సైడ్ స్కర్ట్ పోతే వెతుకులాటే. ఒక పార్టు కోసం రెండు మూడు వారాలు బండి షెడ్డులో ఉన్నా ఫర్వాలేదనుకునేవాళ్లు, ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లు కొనాలి. మధురవాడ గారూ, మీకు ఇదొక్కటే బండి అయితే నేను కూడా ఒత్తిడి చేయను.

ఉప్పుగాలి:

ఏ మోడల్ అన్నది మీరు తేల్చుకోండి. వైజాగ్‌లో ఆ బండి ఎక్కడ నిలబడి ఉండేదన్నది ఇంకా పెద్ద ప్రశ్న. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడిన బండి పైకి మెరుస్తుంది, కింద తుప్పు తింటుంది. పోర్టు, గాజువాక వైపు బళ్లకు బొగ్గు, ఇనుప ధూళి తోడవుతుంది. బానెట్ మీద తడి చేత్తో రాస్తే గరుగ్గా తగులుతుంది. అది క్లే బార్‌తో (పెయింట్ మీద రుద్దే మెత్తటి మట్టి ముద్ద) పోతుంది, దానికి భయపడక్కర్లేదు. తుప్పు అలా పోదు.

చూసే పద్ధతి ఇదీ. డిక్కీ ఎత్తి, కింది అంచున ఉన్న రబ్బరు బీడింగ్ జానెడు మేర లాగండి. దాని కింద రేకు అంచు మడత ఉంటుంది. అక్కడ గోధుమ రంగు పొడి రాలితే మడత లోపల తుప్పు మొదలైంది. తర్వాత స్టెప్నీ బయటకు తీసి ఆ గుంత అడుగు చూడండి. నీటి గీత, ఇసుక, బంకమట్టి ఏదున్నా గుచ్చి గుచ్చి అడగండి. నాలుగు డోర్ల కింది అంచున నీళ్లు పోయే కన్నాలుంటాయి, సన్నని పుల్ల పెట్టి చూడండి. మూసుకుపోతే డోరు లోపల్నుంచి కుళ్లుతుంది. బానెట్ తెరిచి స్ట్రట్ టవర్ల చుట్టూ వెల్డింగ్ గీతలు, వైపర్ కింద గాడి చూడండి. లిఫ్టు మీద ఎక్కించి బ్రేకు పైపులు, వెనక యాక్సిల్, సబ్‌ఫ్రేమ్, సైలెన్సర్ హ్యాంగర్లు. పై పొర తుప్పు వైర్ బ్రష్‌కి పోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే రేకు మొద్దుగా మోగి పొరలుగా రాలితే లేచి వచ్చేయండి. కొత్తగా కింద నల్లటి అండర్‌కోటింగ్ కొట్టించిన బండి కనిపిస్తే సంతోషపడొద్దు, ఇంకా జాగ్రత్తగా చూడండి.

ఏసీ కండెన్సర్ రెక్కలు కూడా ఉప్పుగాలికి పొడిపొడిగా రాలతాయి. వేలితో మెల్లగా తాకితే తెలుస్తుంది. బ్యాటరీ ఎర్త్ తీగ చివర, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టర్ల దగ్గర పచ్చని పొడి ఉంటే రేపు అర్థంకాని ఎలక్ట్రికల్ తిప్పలు వస్తాయి.

2014 జీటీ టీఎస్‌ఐ అన్నారు కదా. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అంతకు ముందు రిజిస్ట్రేషన్ అయిన ఏపీ 31 (వైజాగ్ నంబరు) బండి అంటే ఆ రోజు ఎక్కడుందో అడగాల్సిందే. చెట్టు పడి టాపు మారిందా, బేస్‌మెంట్‌లో మునిగిందా. టాపు వెల్డింగ్ డోరు రబ్బరు లాగితే కనిపిస్తుంది. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డ్ గుండ్రంగా, సమానమైన ఎడంతో ఉంటుంది. షెడ్డు వెల్డింగ్ మీద లంబీ (పుట్టీ) పూత ఉంటుంది. ముంపు బళ్లు వైజాగువే కానక్కర్లేదు. 2020 అక్టోబరు హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు తర్వాత కడిగి ఆరబెట్టిన బళ్లు చాలా ఊళ్లు తిరుగుతున్నాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. చుట్ట లోపలి భాగంలో బురద గీత ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. సీటు పట్టాల కింది బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద స్పాంజి తడి, ఏసీ వేయగానే ముక్క వాసన, ఇవి మిగతా గుర్తులు.

పెయింట్ మందం కొలిచే మీటరు ఎవరిదగ్గరైనా ఉంటే తీసుకెళ్లండి. ఫ్యాక్టరీ పెయింట్ సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు. రెండు వందలు దాటితే మళ్లీ కొట్టారు. నాలుగైదు వందలు చూపిస్తే కింద పుట్టీ ఉంది. బంపరుకి, ఒక డోరుకి పెయింటింగ్ అయితే సిటీలో మామూలే. పిల్లరుకి, టాపుకి అయితే వదిలేయండి.

మధురవాడ_మాన్యువల్:

చాలా ఉపయోగపడింది, అందరికీ థ్యాంక్స్. జీటీ టీఎస్‌ఐ, అబార్త్ లిస్టులోంచి తీసేశాను (టీజెట్ గారు మన్నించాలి). ఇప్పుడు రెండు మిగిలాయి. సీతమ్మధారలో 2018 బలెనో ఆర్‌ఎస్, 52 వేల కిలోమీటర్లు, సెకండ్ ఓనర్. ఇంకోటి హైదరాబాద్ రిజిస్ట్రేషన్ ఫిగో ఎస్ డీజిల్, టీఎస్ నంబరు, 88 వేలు, ఒకే ఓనరు, ధర ముప్పై వేలు తక్కువ. టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి? టీఎస్ నంబరుకి ఖర్చేంటి?

పాత_స్పానర్:

పొద్దున్నే వెళ్లండి. వెళ్లేముందు ఫోన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. బానెట్ మీద చెయ్యి వేసి చూడండి, వెచ్చగా ఉంటే ముందే తిప్పి ఉంచారన్నమాట. చల్లని ఇంజిన్ మొదటి రెండు మూడు సెకన్లలో చేసే చప్పుడులోనే దాని వయసు తెలుస్తుంది. రెండు నిమిషాలు ఐడిల్‌లో వదిలి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కించండి, మీరు వెనక నిలబడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. డీజిల్లో కొంచెం నల్ల పొగ వచ్చి పోతే తప్పులేదు.

ఓబీడీ స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) తగిలించి కోడ్‌లు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) కూడా చూడండి. అవి పూర్తికాలేదని చూపిస్తే నిన్నో మొన్నో కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. బండిని ఇంకో మూడు రోజులు వాళ్లనే తిప్పమని చెప్పి మళ్లీ చూడండి. మీటర్ తిప్పారన్న అనుమానం ఉంటే సర్వీసు హిస్టరీ చాసిస్ నంబరుతో తీయించండి. 52 వేల బండికి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉండకూడదు, డ్రైవర్ సీటు కుడి అంచు నలిగి ఉండకూడదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అవి బండితో పాటు వచ్చినవే అయితే గీతలున్నా సరే మార్చాల్సిందే.

నడిపే దారి కూడా ఆలోచించి పెట్టుకోండి. సీతమ్మధార నుంచి మొదట సిటీ ట్రాఫిక్‌లో పావుగంట, క్లచ్ ఎక్కడ పడుతోందో, ఏసీతో టెంపరేచర్ ముల్లు కదులుతోందో చూడటానికి. తర్వాత కైలాసగిరి రోడ్డు ఎక్కండి. మధ్యలో ఆపి హ్యాండ్‌బ్రేక్ మీద నిలబెట్టి కదిలించండి. మూడో గేరులో 1,500 నుంచి పూర్తిగా తొక్కండి. క్లచ్ జారుతుంటే ఆర్‌పీఎం పైకి పోతుంది, స్పీడు పెరగదు. ఆఖరుకి ఆనందపురం, పెందుర్తి వైపు ఆరు లైన్ల రోడ్డు మీద లిమిట్‌లోనే 80 దగ్గర ఉంచి, వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు తొక్కండి. స్టీరింగ్ వణికితే డిస్కులు వంకరపోయాయి. బండి ఒకవైపు లాగితే క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) పట్టేసింది.

ఆ బలెనోకి ముఖ్యమైన మాట. 2016 అక్టోబరు 27 నుంచి 2019 నవంబరు 1 మధ్య తయారైన 7,213 బలెనో ఆర్‌ఎస్ బళ్లను మారుతి 2023లో వెనక్కి పిలిచింది. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని. పంపు పనిచేయకపోతే పెడల్ బండలా బిగుసుకుంటుంది. మీరు చూసే 2018 బండి ఆ గడువులోనే పడుతుంది. చాసిస్ నంబరు వేసి ఆ పని అయిందో లేదో షోరూమ్‌లో అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి. అయి ఉండకపోతే ఫ్రీగా చేయించుకోండి. బ్రేక్ ఆయిల్ ఎలాగూ మార్చించండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, మన ఊళ్లో తేమకి లోటా. రెండేళ్లు దాటిన ఆయిల్‌తో అరకు నుంచి దిగేటప్పుడు డిస్కులు కాగి పెడల్ మెత్తబడుతుంది.

ఉప్పుగాలి:

టీఎస్ నంబరుకి మొదట అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28. ఇక్కడికి వచ్చాక ఫారం 29, 30, పైన ఏపీలో లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి కట్టాలి. లోనుతో కొన్నదైతే బ్యాంకు లేఖతో ఫారం 35 కూడా. పెండింగ్ చలానాలు తీరకుండా ఏదీ కదలదు. ఆ ముప్పై వేల తేడా ట్యాక్సుకే సరిపోకపోవచ్చు. బేరం ఆడేముందు ఆర్టీఓలో లెక్క వేయించుకోండి. ఎన్‌ఓసీ తెచ్చే బాధ్యత అమ్మేవాళ్లదేనని కాగితం రాయించుకుని అప్పుడే మిగతా డబ్బు ఇవ్వండి. ఫిగోలో ఉన్న లాభం ఒకటుంది, హైదరాబాద్ బండి గనక తుప్పు తక్కువ ఉండే అవకాశం ఎక్కువ. ముంపు మాత్రం చూసుకోండి.

ఇన్సూరెన్సు కూడా పేరు మారాక 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. ఆర్సీ మీ పేరున, పాలసీ పాత ఓనరు పేరున ఉంటే మీ బండి డ్యామేజీకి క్లెయిమ్ రాదు. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. పాత ఓనరుకున్న యాభై శాతం మీకు రాదు, ప్రీమియం ఆ మేరకు పెరుగుతుంది.

టీజెట్_మోజు:

ఒకటి మర్చిపోయారు అందరూ. బలెనో సెకండ్ ఓనర్ కాబట్టి రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేశారేమో చూడండి. ఎయిర్ ఫిల్టర్ బాక్సు మారిందా, సైలెన్సర్ కంపెనీదేనా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మళ్లీ ఒరిజినల్ మ్యాప్ వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు గనక క్లచ్ ఎత్తు మీద కూడా కన్నేయండి. యాభై వేల కిలోమీటర్లకే పెడల్ బాగా పైకొచ్చాక గానీ క్లచ్ పట్టకపోతే ఎక్కువ టార్క్ తిన్నట్టే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు, 2018 బండి దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ట్యాంకు దగ్గర, ఇంజిన్ దగ్గర ఫ్యూయల్ గొట్టాలు వంచి చూడండి, పగుళ్లుంటే మార్పించండి. మైలేజ్ కాస్త తగ్గుతుంది. వారాల తరబడి నిలబెట్టే పనుంటే ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ఉంటే లోపల తేమ చేరుతుంది.

మధురవాడ_మాన్యువల్:

శనివారం పొద్దున ఆరున్నరకి బలెనో చూడటానికి మాట్లాడాను, ఇంజిన్ ముట్టుకోవద్దనీ చెప్పాను. చాసిస్ నంబరు అడిగితే ఆర్సీ ఫోటో పంపారు, రేపు షోరూమ్‌లో పంపు సంగతి కనుక్కుంటా. ఫిగోకి ట్యాక్సు లెక్క వచ్చాక ఇక్కడ పెడతాను.